చెరువు ఊట ఎవరి బావిలోకి?

(ఒక ఊరి చెరువు కట్ట మీద వాడ జనమూ కార్యకర్తలూ కూర్చున్న సభలో మేం చెప్పిన మాటలు. మాట్లాడినట్టే రాసుకున్నాం. రెండోసారి చెప్పిన మాటలు మాత్రం తీసేశాం.)



సభ బడి దగ్గర పెట్టుకోవచ్చు గదా, ఎండలో చెరువు కట్ట మీదికి ఎందుకు పిలిచారని పొద్దున ఒక పెద్దాయన మమ్మల్ని అడిగాడు. నీళ్ళను చూసుకుంటూ మాట్లాడాలని పిలిచాం. ఎదురుగా తూము గోడ మీద మరక చూడండి. దసరా నాటికి నీళ్ళు ఆ మరక దాకా ఉన్నాయని మీరే చెప్పారు. ఇప్పుడు మనిషెత్తు కిందికి పోయాయి. ఈ ఏడు తూము ఎత్తలేదు. యాసంగికి నీళ్ళు విడవొద్దని ఊరంతా అనుకుంది. తూము ఎత్తకుండా, అలుగు దుంకకుండా అన్ని నీళ్ళు ఎటు పోయినట్టు?

కొన్ని ఎండకు ఆవిరైపోయాయి. కొన్ని నేలలోకి ఇంకాయి. ఇంకినవి మాయమైపోవు, ఎక్కడో ఒకచోట బావిలోనో బోరులోనో తేలతాయి. ఎవరి బావిలో, ఎవరి బోరులో అన్నదే ఇవాళ్టి ముచ్చట.

తూము కింద మన వాడకు గుంట భూమి లేదు. సర్కారు ఇచ్చిన పట్టాలు అవతల గుట్ట వాలులో ఉన్నాయి. కాలువలో పారే నీళ్ళు మనకు రావని మన తాతలకే తెలుసు. కాలువ నీళ్ళు కంటికి కనపడతాయి కాబట్టి దాని మీద కొట్లాటలు జరిగాయి, పంచాయితీలు జరిగాయి. నేల కింద పోయే నీళ్ళు ఎవరికీ కనపడవు. దాని మీద ఇప్పటిదాకా మనం నోరు తెరవలేదు. నోరు తెరవాలంటే ముందు లెక్క ఉండాలి. 'మాకు నీళ్ళు లేవు' అంటే 'అందరికీ లేవు' అంటారు. 'ఈ చెరువు నుంచి రోజుకు ఇన్ని లీటర్లు ఇంకుతున్నాయి, మా బోరింగు మాత్రం ఎండింది, ఆ నీళ్ళు ఏమైనయి' అని అడిగితే అంత తేలిగ్గా జవాబు చెప్పలేరు.

కొలత మనకు కొత్త కాదు. తెలంగాణలో చాలా ఊళ్ళలో నీరటి పని చేసింది మాల, మాదిగ ఇండ్ల వాళ్ళే. తూము ఎంత ఎత్తాలి, ఏ మడికి ఎంత సేపు పారించాలి, కట్ట ఎక్కడ చెమర్చింది, వాన పెద్దదైతే అలుగు దగ్గర ఏం చెయ్యాలి, అన్నీ ఆయనకే తెలుసు. రాత్రిపూట గొంగడి కప్పుకొని కట్ట మీద తిరిగింది ఆయనే. కల్లం దగ్గర ఆయనకు దక్కింది మేర గింజలు. నీళ్ళ లెక్క మన దగ్గర, నీళ్ళు ఆయకట్టు ఆసాముల దగ్గర! ఇప్పుడు ఆ లెక్క కూడా మన చేతుల్లో లేదు. అది ఆఫీసు కాగితాల మీదికి పోయింది.

ఆ కాగితాల మీద ఎట్లా ఉందో చెబుతాం. భూగర్భ జలాల అంచనా కోసం కేంద్రం వేసిన కమిటీ 1997లో ఒక పద్ధతి ఇచ్చింది. చెరువులో నీళ్ళు ఉన్నన్ని రోజులూ, నీళ్ళు పరుచుకున్న మేర రోజుకు 1.4 మిల్లీమీటర్లు నేలలోకి ఇంకుతుందని లెక్క వేసుకోమన్నది. ఊట చెరువులకు, చెక్ డ్యాములకు వేరే లెక్క: నిలిచిన నీళ్ళలో సగం ఇంకినట్టు. 2015 నాటి పద్ధతిలో ఆ సగాన్ని 40 శాతానికి తగ్గించారు. దేశం మొత్తానికి లెక్క కట్టాలంటే ఇట్లాంటి అంకె ఏదో ఒకటి కావాలి, దాన్ని మేం తప్పు పట్టడం లేదు. ఎక్కడి కొలత అక్కడ లేనప్పుడు వాడుకునే అంకెలివి. కానీ ఈ చెరువుకు కొలత ఎందుకు లేదు? ఇసుక నేల మీది కుంటకూ, నల్లరేగడి పూడికతో నిండిన చెరువుకూ ఒకే అంకె ఎట్లా సరిపోతుంది? మొన్న మాతో మాట్లాడిన ఒక ఇంజనీరు 'అదంతా మీకు అర్థం కాదు, సైంటిఫిక్ విషయం' అన్నాడు. ఆయన చెప్పిన సైంటిఫిక్ విషయంలో ఉన్నవి ఒక కూడికా, రెండు తీసివేతలూ. అవి చెప్పడానికే వచ్చాం.

చెరువులో మట్టం రోజుకు ఎంత దిగిందో అందులో నుంచి ఆవిరైంది తీసెయ్యాలి. తూము నుంచి పోయింది, మోటారు పెట్టి లాగింది, పశువులు తాగింది తీసెయ్యాలి. వాన పడితే, వాగు నుంచి నీళ్ళొస్తే అది కలపాలి. మిగిలింది ఇంకుడు. అంతే. వాన లేని, వాగు పారని, తూము మూసిన రోజులు చూసుకుంటే పని ఇంకా సులువు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా మనకు అట్లాంటి రోజులే ఎక్కువ.

మట్టం చూడటానికి ఒక కర్ర చాలు. మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు దానికి బిగించి, లోతున్న చోట కదలకుండా పాతాలి. గాలికి అలలు లేస్తాయి, అలల మీద మిల్లీమీటరు చదవడం ఎవరి తరమూ కాదు. అందుకని బొక్కలు పొడిచిన ప్లాస్టిక్ పైపు ఒకటి నిలువుగా పాతి, ఆ పైపు లోపల స్కేలు పెట్టాలి. పైపులో నీళ్ళు కదలకుండా ఉంటాయి. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి చూసి రాయాలి. ఒకరోజు లెక్క నమ్మొద్దు. పది రోజులది కూడి పదితో భాగిస్తే కంటి పొరపాటు, గాలి పొరపాటు చాలామట్టుకు పోతాయి.

మేం మొదటిసారి ఒక కుంటలో కర్ర పాతినప్పుడు నాలుగో రోజే బర్రెలు దిగి దాన్ని వంచేశాయి. మళ్ళీ పాతాం గానీ పాత మట్టం ఎక్కడుందో గుర్తు లేదు. ఆ నాలుగు రోజుల లెక్కా నీళ్ళపాలు. అప్పటి నుంచి తూము గోడ మీదనో, కదలని బండ మీదనో రంగుతో ఒక గీత గీసి, ఆ గీతకూ కర్రకూ సంబంధం రాసి పెట్టుకుంటున్నాం. కర్ర పోయినా గీత ఉంటుంది.

ఇక ఆవిరి. దీన్ని కొలవడానికి వాతావరణ శాఖ వాళ్ళు నాలుగడుగుల వెడల్పు, పది అంగుళాల లోతు ఉన్న గుండ్రటి తొట్టి వాడతారు. అందులో నీళ్ళు రోజుకు ఎంత తగ్గాయో చూస్తారు. తొట్టి చిన్నది కాబట్టి ఎండకు అంచులు కాగి, చెరువుకన్నా ఎక్కువ ఆవిరైపోతుంది. అందుకని తొట్టిలో తగ్గినదాంట్లో సుమారు పదింట ఏడు వంతులే చెరువుకు లెక్క కడతారు. తొట్టిలో 7 మిల్లీమీటర్లు తగ్గితే చెరువులో ఆవిరైంది 5 అన్నమాట. మన దగ్గర ఆ తొట్టి లేకపోతే వెడల్పాటి సిమెంటు గోలెం కట్ట పక్కన నేలలో అంచుదాకా పాతి పెట్టుకోవచ్చు. నేలలో పాతితే అంచులు అంతగా కాగవు. మీద వల కప్పండి. మేం కప్పలేదు. మేకలు తాగిపోయిన నీళ్ళను కూడా ఆవిరి ఖాతాలో రాసుకున్నాం! 'ఇంత ఎండ ఎక్కడిదిరా' అని మేమే ముక్కు మీద వేలేసుకున్నాం. తరువాత గోలెం చుట్టూ గిట్టల జాడలు చూసి నవ్వుకున్నాం.

రాత్రి కొలత ఇంకొక ఉపాయం. పొద్దు గూకినాక ఆవిరి బాగా తగ్గిపోతుంది. పూర్తిగా ఆగదు, ఎందుకంటే పగలంతా కాగిన నీళ్ళు రాత్రి కూడా కొంత ఆవిరైతాయి. అయినా సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా దిగిన మట్టంలో ఎక్కువ భాగం ఇంకుడే. పగటి లెక్కా రాత్రి లెక్కా పక్కపక్కన పెట్టి చూస్తే గోలెం లెక్క తప్పో ఒప్పో తెలిసిపోతుంది. రాత్రిపూట ఎవరైనా దొంగతనంగా మోటారు దించితే అది కూడా తెలుస్తుందనుకోండి, అది వేరే ముచ్చట.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. ఊట చెరువుల్లో ఇంకుడు తెలుసుకోవడానికి నీళ్ళలోని ఉప్పును, అంటే క్లోరైడును కొలిచే పద్ధతిని వాళ్ళు 1997లో అచ్చు వేశారు. మన ఆడవాళ్ళకు ఇది మాకన్నా బాగా తెలుసు. పొయ్యి మీద చారు మరిగితే నీళ్ళు పోతాయి, ఉప్పు మిగులుతుంది, చారు ఉప్పగైతుంది. అదే కుండకు బొక్క పడి చారు కారిపోతే, మిగిలిన చారు ఉప్పన పెరగదు, ఎందుకంటే నీళ్ళతో పాటే ఉప్పూ కారిపోయింది. చెరువు కూడా అంతే. నీళ్ళు తగ్గుతున్నకొద్దీ ఉప్పన ఎంత పెరిగిందో చూస్తే ఆవిరెంతో తెలుస్తుంది. ఎంత తగ్గినా ఉప్పన పెద్దగా పెరగలేదంటే ఎక్కువ నీళ్ళు నేలలోకి పోయినట్టు. దీనికి ప్రయోగశాల కావాలి, మన చేతిలో ఉన్న పని కాదు. కాలేజీలో చదువుకుంటున్న మన పిల్లలు ఎవరైనా సైన్సు వాళ్ళుంటే రెండు సీసాలు పట్టుకుపోయి చూపించవచ్చు.

గజ్వేల్ ప్రాంతంలో ఒక ఊట చెరువును కొలిచి శాస్త్రవేత్తలు 2014లో రాసినదాంట్లో, నిలిచిన నీళ్ళలో దాదాపు 60 శాతం ఇంకిందని ఉంది. మిగిలింది ఆవిరే. మంచి చెరువే అన్నమాట. అయినా పదిలో నాలుగు బిందెలు ఆకాశానికి పోయాయి. నీళ్ళు పలచగా ఎక్కువ మేర పరుచుకుంటే ఆవిరి ఎక్కువ. అందుకని ఎక్కడపడితే అక్కడ ఒక గోడ కట్టి 'జలాలు పెంచాం' అని బోర్డు పెడితే నమ్మొద్దు. కొలిచారా అని అడగండి.

ఇప్పుడు లీటర్ల లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్ళంటే ఒక లీటరు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు. చెరువు నీళ్ళ విస్తీర్ణం మోటుగా తెలుసుకోవాలంటే, కట్ట వెంబడి నీళ్ళు ఎంత పొడుగున ఆనుకొని ఉన్నాయో అంగలతో కొలవండి. కట్ట నుంచి నీళ్ళ తోక దాకా ఎంత దూరమో కొలవండి. చాలా చెరువులు ముక్కోణం లాగ ఉంటాయి. రెండూ గుణించి సగం చేస్తే చాలు. కట్ట వెంట 200 మీటర్లు, తోక దాకా 400 మీటర్లు అనుకుందాం. విస్తీర్ణం 40 వేల చదరపు మీటర్లు, సుమారు పదెకరాలు. అందులో ఒక మిల్లీమీటరు దిగితే 40 వేల లీటర్లు. రోజుకు సెంటీమీటరు దిగుతోందనుకుందాం, గోలెం లెక్కన ఆవిరి 5 మిల్లీమీటర్లు పోతే, మిగిలిన 5 ఇంకుడు. అంటే రోజుకు 2 లక్షల లీటర్లు. కాగితం మీది 1.4 మిల్లీమీటర్ల లెక్కన అయితే 56 వేలే. ఏది నిజమో కర్ర చెప్పాలి, మేం చెప్పకూడదు.

2 లక్షల లీటర్లంటే ఎన్ని? జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. నూరిళ్ళ వాడలో 500 మంది ఉంటే 27,500 లీటర్లు. అంటే ఒక్క రోజు ఊట వాడకు వారం దినాల నీళ్ళు. అదే గంటకు పదివేల లీటర్లు పోసే బోర్లు మూడు, ఏడు గంటలు నడిస్తే 2 లక్షల 10 వేలు. ఒక్క రోజు ఊట మూడు బోర్లకు ఒక పూట! వరి మడికి రోజుకు సెంటీమీటరు నీళ్ళు పెడితే ఎకరానికి 40 వేల లీటర్లు, 2 లక్షలు ఐదెకరాల వరికి సరి. అందులో కొంత మళ్ళీ నేలలోకే దిగుతుంది, అది నిజమే, కాదనం. అయినా చెరువు ఊట ఎంత పెద్దదో, దాన్ని మింగడానికి ఎంత కొద్దిమంది చాలో ఈ లెక్కలో కనపడుతుంది.

ఇక్కడ ఒక అక్క లేచి అడిగింది: 'ఊట మా బోరింగుకు రాలేదంటున్నరు సరే, అసలు చెరువు ఊటే పక్క బావులకు పోతుందని మీకెట్ల తెలుసు? వాన నీళ్ళు కూడా ఇంకుతయి గద!' ఇది అడగాల్సిన ప్రశ్నే. చెరువు కర్ర ఒక్కటే చూస్తే సగం లెక్క. రెండో సగం బావుల్లో ఉంది.

నాలుగు బావులు ఎంచుకోవాలి. ఒకటి కట్ట కిందనే ఉన్నది. ఒకటి పల్లానికి అర కిలోమీటరు దూరంలోది. ఒకటి వాడ దగ్గరిది. ఇంకొకటి చెరువుకు సంబంధమే లేనంత దూరంలో, మిట్ట మీదిది. పదిహేను రోజులకోసారి, తెల్లవారుజామున మోటార్లు నడవక ముందు నీటిమట్టం కొలవాలి. బావి గట్టు మీద ఒకే చోట గుర్తు పెట్టి, తాడుకు బరువు కట్టి, ప్రతిసారీ ఆ గుర్తు నుంచే దించాలి. వానలు ఆగిపోయాక మిట్ట మీది బావి దిగుతూ ఉంటే, కట్ట కింది బావి దిగకుండా నిలబడిందనుకోండి, దాన్ని నిలబెట్టింది చెరువే. చెరువు ఎండిన నెలలోనే ఆ బావి కూడా జారడం మొదలుపెడితే ఇక అనుమానం లేదు. చెరువు నీటిమట్టమూ బావి నీటిమట్టమూ ఏది ఎత్తులో ఉందో కూడా చూడాలి. మేస్త్రీలు గోడలకు లెవెల్ చూసే నీటిగొట్టంతో చూడొచ్చు. బావిలో నీళ్ళే చెరువుకన్నా ఎత్తున ఉంటే చెరువు ఆ బావికి పెట్టదు, బావి వైపు నీళ్ళే చెరువులోకి వస్తాయి. మంచి వానల తరువాత కొన్ని చోట్ల అట్లా జరుగుతుంది.

మోటారు దించిన బోరులో తాడు వెయ్యకండి, చిక్కుకుంటుంది. వాడ బోరింగులోకి తాడు దించలేం కాబట్టి, నీళ్ళు రావడానికి ఎన్ని దెబ్బలు, బిందె నిండటానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాయండి. ఇది మట్టం కొలత కాదు. అయినా బోరుకు కష్టకాలం ఏ వారంలో మొదలైందో అది చెబుతుంది. దెబ్బలు కొట్టేది ఆడవాళ్ళే కాబట్టి ఈ లెక్క వాళ్ళ దగ్గరే ఉండాలి.

ఇంకొక సంగతి చాలామందిని మోసం చేస్తుంది. మన దగ్గర కింద ఉన్నది గ్రానైటు. పైన మొరం, దాని కింద నెర్రెలు పాసిన రాయి, ఇంకా కింద గట్టి బండ. నీళ్ళు ఉండేది మొరంలోనూ నెర్రెల్లోనే. ఇసుక నేలలాగ ఇది నీళ్ళు పట్టి ఉంచదు. వంద గంపల మొరం రాయిలో మన చేతికొచ్చే నీళ్ళు ఒకటి నుంచి మూడు గంపలు. అందుకని కొద్ది నీళ్ళు ఇంకినా బావిలో మట్టం అమాంతం లేస్తుంది. రెండు శాతం లెక్కన, మనం చెప్పుకున్న 2 లక్షల లీటర్లు రెండున్నర ఎకరాల కింద మట్టాన్ని ఒక మీటరు లేపుతాయి. 'చెక్ డ్యాము కట్టాం, బావుల్లో నీళ్ళు మూడు మీటర్లు లేచాయి' అని మీటింగుల్లో చెబుతారు. అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ మూడు మీటర్ల మట్టంలో ఉన్న నీళ్ళు ఆరు సెంటీమీటర్లే! రెండు బోర్లు వారం నడిస్తే దిగిపోతుంది. మట్టం లేచిందని సంబరపడి ఇంకో నాలుగు బోర్లు వేసిన ఊళ్ళను మేం చూశాం. పోయినేటి కన్నా తరువాతి ఏడు ముందే ఎండాయి.

పైగా రాయిలో ఊట అన్ని దిక్కులకూ సమానంగా పోదు. నెర్రె ఎటుంటే అటు పోతుంది. అక్కడక్కడా నేల లోపల నల్లరాతి గోడలు, డైకులంటారు, అడ్డం పడి నీళ్ళను ఆపుతాయి. గోడకు ఇవతల బావి నిండుగా ఉంటుంది, అవతల పొడిగా ఉంటుంది. కాబట్టి మన వాడ బోరింగు ఎండటానికి ప్రతిసారీ దొరగారి బోరే కారణమని ముందే తీర్మానం చేసుకోకండి. కొలిచాక చెప్పండి. కట్ట కింది బోర్లు కరెంటు లేక రెండు రోజులు ఆగినప్పుడు మన బోరింగు తేలికైందా లేదా? తేలికైతే ఆ రెంటికీ కింద దారి ఉంది. ఆ తేదీలు రాసి పెట్టుకోండి, అవే మన సాక్ష్యం.

కట్ట నుంచి కారే నీళ్ళు వేరు. దిగువ వాలున తేట నీళ్ళు కొద్దిగా చెమర్చడం చాలా మట్టి కట్టలకు ఉండేదే. బురద నీళ్ళు కారుతుంటే మాత్రం నీళ్ళు లోపల నుంచి మట్టిని మోసుకొస్తున్నట్టు. కట్టకు లోపల బొరియ పడుతోంది. కొలుచుకుంటూ కూర్చోకండి, ఆ గంటలోనే ఊరికి చెప్పండి. కట్ట తెగితే ముందు మునిగేది పల్లంలో ఉన్న ఇళ్ళు. అవి ఎవరివో చెప్పనక్కర లేదు.

పూడిక సంగతీ ఉంది. చెరువు అడుగున సన్నటి బంకమట్టి పేరుకుంటే బొక్కలన్నీ మూసుకొని ఇంకుడు తగ్గుతుంది. పూడిక తీస్తే చాలాచోట్ల పెరుగుతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో వేల చెరువుల పూడిక తీశారు. మట్టి ఉచితం, మోసుకుపోయే ఖర్చు రైతుది. అంటే ట్రాక్టరు కిరాయి పెట్టగలిగినోళ్ళ పొలాలకు పోయింది మట్టి. మన గుట్ట వాలు చెలకలకు ఎన్ని ట్రాక్టర్లు వచ్చాయో మీకే తెలుసు. పూడిక తీయక ముందు ఇంకుడు ఎంత, తీశాక ఎంత అని మీ ఊళ్ళో ఎవరైనా కొలిచారా అని అడిగితే ఇప్పుడే అందరూ తల అడ్డంగా ఊపారు. మళ్ళీ మిషన్లు దిగక ముందే మన నోటు పుస్తకంలో ఒక ఏడాది లెక్క ఉండాలి.

ఊరి జనం కొలవలేరని ఎవరైనా అంటే వాళ్ళకు ఒక మాట చెప్పండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 తరువాత కొన్నేళ్ళు ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాననూ బావులనూ కొలిచారు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో కొన్ని వందల ఊళ్ళలో ఆ పని జరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. బడి చదువు పూర్తి కానోళ్ళు కూడా మట్టాలు రాసి గోడ మీద పెట్టారు. నీళ్ళు ఎన్నున్నాయో చూసుకొని యాసంగిలో ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. పని మంచిదే. కానీ అది ప్రధానంగా భూమీ బోరూ ఉన్నోళ్ళ లెక్క. బోరు లేనోడి లెక్క కూడా రాసుకోవాలి, అది మన పని.

చట్టం మాట కూడా చెప్పి ముగిస్తాం. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, వాల్టా అంటారు, తాగునీటి కోసం ఉన్న ప్రజల బావికి, బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా వేరే అవసరాలకు కొత్త బోరు వేయకూడదని చెబుతోంది. మన వాడ బోరింగు ప్రజల తాగునీటి వనరే. చుట్టూ 250 మీటర్లు అంగలేసి చూడండి, లోపల ఎన్ని బోర్లున్నాయి, అందులో 2002 తరువాత వేసినవి ఎన్ని అని రాయండి. 1997 చట్టం కింద పెట్టిన నీటి సంఘాల్లో మాట చెల్లేది ఆయకట్టు రైతులకే. గుట్ట మీది పట్టాదారుకు, కూలికి పోయే అక్కకు అందులో కుర్చీ లేదు. చెరువు ఊట ఆయకట్టు హద్దు చూసుకొని ఆగదు గదా! అందుకని ఈ మాట గ్రామసభలో పెట్టాలి, లెక్క పుస్తకం చేతిలో పట్టుకొని పెట్టాలి. రెండే అడుగుదాం. కట్ట కింద ఊట బాగా తగిలే చోట వాడకు ఒక తాగునీటి బావి. చెరువు మట్టం గుర్తు గీత కిందికి దిగిన రోజు నుంచి కట్ట కింద వరికి మోటార్లు నిలిపేసి, తాగునీటికి మాత్రమే తోడుకోవడం. గీత ఎక్కడ గీయాలన్నది ఈ ఎండాకాలం లెక్క చూసి నిర్ణయించుకోవచ్చు.

ఫ్లోరైడు ఉన్న ఊళ్ళ నుంచి వచ్చిన తమ్ముళ్ళు ఒకటి గమనించండి. చెరువు ఊట వస్తే ఫ్లోరైడు తగ్గిపోతుందని ఎవరైనా చెప్పినా ముందే నమ్మకండి. కొన్నిచోట్ల తగ్గవచ్చు, కొన్నిచోట్ల తగ్గకపోవచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. బావి తవ్వే ముందొకసారి, తవ్వాక ఎండాకాలంలో ఒకసారి పరీక్ష చేయించండి.

కర్ర, పైపు, స్కేలు మేం తెచ్చాం. గోలెం ఒకటి వాడలో ఎవరైనా ఇవ్వాలి. మన పత్రిక పక్షానికోసారి వస్తుంది, బావుల కొలత కూడా పక్షానికోసారే. సంచిక వచ్చిన రోజే బావులు కొలిస్తే తేదీ మరిచిపోరు. చెరువు కర్ర మాత్రం రోజూ చూడాలి. పొద్దున పూట బర్రెలు తోలుకొచ్చే పిల్లలు చదువుతామంటున్నారు, సాయంత్రం పూట మాత్రం ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు. ఎండ తగ్గింది, కర్ర ఇప్పుడే పాతుదాం. నీళ్ళల్లోకి దిగేటోళ్ళు ఇద్దరు కావాలి, ఈత వచ్చినోళ్ళు.